ఇంటికి దగిన ల్యాప్‌టాపు



గౌడవెల్లి గ్రామమున మా యెఱుకలో నున్న యొక సోదరి గడచిన మాసమున మమ్ము జూడ వచ్చినది. ఆమె కుమార్తెకు కండ్లకోయ వైపుననున్న యొక ఇంజనీరింగు కళాశాలలో కంప్యూటరు శాఖయందు ప్రవేశము లభించినది. కళాశాల తెఱచుటకు ముందే పిల్లకు ల్యాప్‌టాపు కొనవలెనని యింటిల్లిపాదియు ననుకొనిరి. సొమ్ము సిద్ధముగా నున్నది. రెండేండ్లు చీటి కట్టి ఆ తల్లి కూడబెట్టిన 60,000 రూపాయలవి. చిక్కంతయు ఏది కొనవలెనను దానియందే వచ్చినది. మఱది "కొనునదేదో పెద్దదే కొనవలె"నని పట్టుపట్టెను. పెనిమిటి "ఆడపిల్ల కంత దేనికి? చౌకదేదైన జాలు"ననెను. అంగడివాడు తన యొద్ద నిలువయున్న దానినే పొగడెను. పొరుగింటి పిల్లవాడు మఱియొక పేరు చెప్పెను. వాడవలసిన పిల్లను మాత్రము ఎవరును అడుగలేదు.

"అక్కా, ఈ రూపాయలు మఱల కూడబెట్టుటకు నాకు ఇంకను రెండేండ్లు పట్టును. తప్పుది కొనినచో దిద్దుకొనుటకు వీలు లేదు. ఏది కొనవలెనో చెప్పు"మని ఆ సోదరి యడిగినది.

ఈ ప్రశ్న ఆమె యొక్కతెది కాదు. మేడ్చలు ప్రాంతమున ఇంజనీరింగు కళాశాలలు విస్తారముగా వెలసినవి. ఏటేట కళాశాలలు తెఱచు దినములలో ఎన్నియో యిండ్లలో ఇదే తర్జనభర్జన జరుగుచుండును. కుట్టుమిషను కొనునప్పుడు, గ్రైండరు కొనునప్పుడు ఇంటి యిల్లాలి మాట చెల్లును. ల్యాప్‌టాపు కొనునప్పుడు మాత్రము "నీకేమి తెలియు"నని ఆమెను ప్రక్కకు నెట్టుదురు. ఇందు బ్రహ్మవిద్య యేమియు లేదు. పాత్రల అంగడిలో గిన్నెను తట్టి, యెత్తి, అడుగు మందము జూచి కొనెడి గృహిణికి ఈ యంత్రమును పరీక్షించుట అసాధ్యము కాదు. కావున ఈ నెల మన పుటలో ఆ సంగతియే ముచ్చటింతము.

మా తప్పు

మొదట మా తప్పు చెప్పుకొందుము. అయిదేండ్ల క్రిందట మా పెద్దమ్మాయికి మేము కొనిన ల్యాప్‌టాపు 15.6 అంగుళముల తెర గలది, ఆటలాడువారికై చేయబడినది. బరువు రెండున్నర కిలోలు. దాని చార్జరే అరకిలోకు పైగా తూగెను. మీటల క్రింద రంగురంగుల దీపములు వెలుగుచుండెను. అంగడిలో అది చూచి మురిసిపోతిమి. వాపును జూచి బలుపనుకొంటిమి. పిల్ల ప్రతిదినమును పుస్తకములు, అన్నపు డబ్బా, నీళ్ల సీసాతో పాటు దానిని భుజమున వేసికొని రెండు బస్సులు మాఱి పోవలసివచ్చెను. నెల దినములు మోసినది. పిమ్మట భుజము నొప్పిచే ఇంటనే విడిచిపోసాగెను. కళాశాలలో స్నేహితురాలి యంత్రముపై ఆధారపడెను. మా డెబ్బదివేల రూపాయల యంత్రము అలమారులో గూర్చుండెను. నేర్వవలసిన పిల్ల చేతులు ముడుచుకొని ప్రక్కవారి తెర చూచుచుండెను. మేమెక్కడ నొచ్చుకొందుమో యని ఆ సంగతి మాకు జెప్పుటకు ఆమెకు ఆఱు నెలలు పట్టినది. వాడువారిని అడుగక కొనినందులకు ఫలమిది.

ఎవరికి? ఎందులకు?

వంటపాత్ర కొనునప్పుడు ఇంట నెందఱు భుజింతురో లెక్కింతుము. అటులే ల్యాప్‌టాపు కొనుటకు ముందు ఒక కాగితముపై అయిదు ప్రశ్నలకు సమాధానములు వ్రాసికొనవలెను. వాడువారెవరు? దినమునకు ఎన్ని గంటలు వాడుదురు? అది ఒకచోటనే యుండునా, మోయవలసియుండునా? దానిపై ఏ పని చేయుదురు? కరెంటు ప్లగ్గు దొరకని చోట ఎంతసేపు పనిచేయవలసియుండును? ఈ కాగితము చేతనుండగా అంగడివాని మాటలకు లోబడుట జరుగదు.

మహిళా సంఘపు లెక్కలు గాని, కుట్టుపని బిల్లులు గాని వ్రాయు సోదరికి యంత్రము బల్లపైనే యుండును. ఆమెకు 15.6 అంగుళములది మేలు. ఆ పరిమాణపు యంత్రములలో పెక్కింటికి కుడివైపున అంకెల మీటలు వేఱుగా నుండును. లెక్కలు త్వరగా సాగును. ఇంటినుండి కంపెనీ పని చేయు కోడలికి సాధారణముగా కంపెనీయే యంత్రమిచ్చును. అట్టిచోట రెండవ ల్యాప్‌టాపు కొనుటకంటె, విడిగా నొక పెద్ద తెర కొని దానికి తగిలించుట కన్నులకును మెడకును హితము. బడికి బోవు పిల్లలకు వ్రాత, చదువు, పాఠముల వీడియోలు చాలును గావున ఎక్కువ వెల పెట్టనక్కఱలేదు. అమెరికాలోని కుమారునితో మాటలాడు పెద్దవారికి పెద్ద అక్షరములు కావలెను, బరువు అడ్డము రాదు. కళాశాలకు నిత్యము మోసికొనిపోవు విద్యార్థినికి మాత్రము బరువే మొదటి విషయము. ఒక యింటికి తగినది మఱియొక యింటికి తగకపోవుట ఇందుచేతనే.

అంగుళముల లెక్క

'ల్యాప్‌టాపు' అనగా ఒడిపై నుంచుకొనునదని యర్థము. 1981లో వెలువడిన ఆస్‌బోర్న్ 1 అను కంప్యూటరును మోసికొనిపోవచ్చునని అమ్మిరి. దాని బరువు సుమారు 11 కిలోలు. తెర 5 అంగుళములు మాత్రమే! మఱుసటి యేడు వచ్చిన గ్రిడ్ కంపాస్ అనునది పుస్తకమువలె మూతపడు తీరును తెచ్చెను. అది సుమారు 5 కిలోలుండెను. నేడు కిలోన్నరకు లోబడిన యంత్రములు సులభముగా దొరకుచున్నవి. అయినను పెద్దదైనచో మంచిదను భ్రమ మనలను విడువలేదు.

తెర పరిమాణమును ఒక మూలనుండి ఎదుటి మూలకు ఏటవాలుగా కొలుతురు. సాధారణముగా దొరకు పరిమాణములు 13.3, 14, 15.6, 16, 17.3 అంగుళములు. వాడుకలోనున్న వెడల్పాటి తెరలలో 14 అంగుళములది సుమారు 31 సెంటీమీటర్ల వెడల్పు, 17.4 సెంటీమీటర్ల యెత్తు ఉండును. 15.6 అంగుళములది 34.5 సెంటీమీటర్ల వెడల్పు, 19.4 సెంటీమీటర్ల యెత్తు. చెప్పుకొనుటకు ఒక అంగుళమున్నర భేదమే. వైశాల్యము లెక్కించినచో తెర ఇంచుమించు నాలుగవ వంతు పెరుగును. దానితోపాటు సంచియు, బరువును పెరుగును.

ఇంకొక విశేషము గలదు. కొన్ని క్రొత్త యంత్రములలో వెడల్పు కొంచెము తగ్గించి యెత్తు పెంచుచున్నారు. వీనిని 16:10 నిష్పత్తి గల తెరలందురు. పాత తీరు 16:9. ఎత్తైన తెరలో ఒకేసారి ఎక్కువ పంక్తులు కనబడును. చదువుటకు, వ్రాయుటకు, ప్రోగ్రాములు వ్రాయు పిల్లలకు ఇది యనుకూలము. సినిమాలు చూచువారికి భేదము తోచదు.

బరువు సంగతి. 14 అంగుళముల యంత్రములు సాధారణముగా 1.3 నుండి 1.5 కిలోలవఱకు, 15.6 అంగుళములవి 1.6 నుండి 1.9 కిలోలవఱకు ఉండును. ఆటల యంత్రములు రెండు కిలోలు దాటును. ఒక కిలో భేదమేమి లెక్కయని యనుకొనరాదు. 2023 ఏప్రిలు నెలలో సికిందరాబాదు, మేడ్చలుల నడుమ ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు మొదలైనవి. గౌడవెల్లి స్టేషను ఆ మార్గముననే యున్నది. పెట్టెలో కూర్చుండుటకు చోటు దొరకనినాడు సంచి భుజముననే యుండవలెను గదా! ఇంటనే బియ్యమును తూచి, ల్యాప్‌టాపు, చార్జరుల బరువునకు సమానముగా సంచిలో వేసి, పుస్తకములతో గూడ పిల్ల భుజమున దగిలించి వీథి చివఱవఱకు నడిచి రమ్మనుడు. దమ్మిడీ ఖర్చు లేని పరీక్ష యిది. అంగడిలో అయిదు నిమిషములు పట్టిచూచుటకంటె ఇదియే నమ్మదగినది.

ఇంట పెద్ద తెర కావలెనన్నచో దానికిని ఉపాయము గలదు. నేటి టెలివిజన్లకు హెచ్‌డీఎంఐ అను రంధ్రముండును. ల్యాప్‌టాపునకును అదియే యున్నచో కొద్ది వెలగల తీగతో రెంటిని కలుపవచ్చును. 14 అంగుళముల యంత్రము 32 అంగుళముల తెరపై కనబడును. చిన్నది మోసికొనిపోయి, ఇంట పెద్దదానిపై చూచుకొనవచ్చును.

లోపలి సరకు

పైకి కనబడునది పరిమాణము. పనిచేయునది లోపలి సరకు. ఇందు మూడింటిని తెలిసికొన్న జాలును. వంటయింటితో పోల్చి చెప్పెదము. ప్రాసెసరు వంట చేయు మనిషి. ర్యాము వంటగట్టు. నిలువజాగా, అనగా ఎస్‌ఎస్‌డీ, కొట్టుగది.

వంటగట్టు ఇఱుకైనచో ఎంత చేయి తిరిగిన వంటకత్తెయైనను ఒక పాత్ర దింపిన గాని మఱియొకటి పెట్టలేదు. ర్యాము తక్కువైన యంత్రము కూడ నట్లే తడబడును. ఉత్తరములు వ్రాయుటకు, వీడియోలు చూచుటకు, లెక్కలకు 8 జీబీ చాలును. ఇంజనీరింగు చదువునకు నాలుగేండ్లు వాడవలెనన్నచో 16 జీబీ ఉండుట మంచిది. ఇక్కడ నొక ప్రశ్న తప్పక యడుగవలెను: "తరువాత ర్యాము పెంచుకొనుటకు వీలున్నదా?" పలుచని యంత్రములు పెక్కింటిలో ర్యామును పలకకే అతికించివేయుదురు, కొన్ననాడు ఎంతయో, చివఱివఱకు నంతయే. వీలున్నచో నేడు 8 కొని రేపు పెంచుకొనవచ్చును. వీలు లేనిచో నేడే 16 కొనవలెను. 2025 చివఱి నెలలలో కృత్రిమ మేధకై కట్టుచున్న పెద్ద పెద్ద డేటా కేంద్రముల గిరాకిచే ప్రపంచమంతటను ర్యాము చిప్పుల ధరలు పెరిగినవి. కావున నిరుటి వెల తలంచుకొని పోరాదు. కొనునాటి వెలలను రెండు మూడుచోట్ల విచారింపవలెను.

కొట్టుగది విషయమున ఎస్‌ఎస్‌డీ గలదానినే కొనవలెను. లోపల పళ్లెము తిరుగునట్టి పాత హార్డుడిస్కు మాత్రమే యున్న యంత్రము నిదానముగా మేల్కొనును; క్రింద పడినచో త్వరగా చెడును. సాధారణ కుటుంబమునకు 512 జీబీ చాలును. ఇంటికి దెచ్చి చూచినప్పుడు విండోసులో 476 అని కనబడును. ఇది మోసము కాదు. తయారీదారులు వేయింటి లెక్కన, విండోసు 1,024 లెక్కన కొలుచుటచే వచ్చిన భేదమిది.

ప్రాసెసరు విషయమున జనులు పేరు జూచి మోసపోవుదురు. 'ఐ7' అనగా నెల్లప్పుడును 'ఐ3' కంటె గొప్పదని తలంచెదరు. 2016 నాటి ఐ7-7500యు అనుదానిలో పని చేయు కోరులు రెండే. 2022 నాటి ఐ3-1215యు అనుదానిలో ఆఱు. గీత తరువాతి అంకెలలో మొదటివి తరమును దెలుపును: 7500 అనగా ఏడవ తరము, 1215 అనగా పండ్రెండవ తరము. చివఱ 'యు' యున్నచో కరెంటు తక్కువ త్రాగునది. 'హెచ్' యున్నచో బలము, వేడి రెండును ఎక్కువ. 2023 చివఱనుండి ఇంటెల్ సంస్థ 'కోర్ అల్ట్రా' యను క్రొత్త పేర్లు తెచ్చినది. ఏఎండీ వారి రైజెన్ 7000 వరుసలో మూడవ అంకె చూడవలెను. 7520యు అనుదానిలో ఆ అంకె 2, 7530యు అనుదానిలో 3. ఆ అంకె పెద్దదైనకొలది లోపలి నిర్మాణము క్రొత్తది. రెంటి పెట్టెలపైనను 'రైజెన్ 5' అనియే పెద్ద అక్షరములలో నుండును! చిన్న అక్షరములు చదువు ఓపిక గలవారికే లాభము.

ఏ తీరు యంత్రము?

విండోసు, ఆపిల్ మ్యాక్, క్రోమ్‌బుక్ అని మూడు తీరులు ముఖ్యముగా దొరకుచున్నవి. క్రోమ్‌బుక్ వెల తక్కువ. ఇంటర్నెట్టు ద్వారా జరుగు పనులకు బాగుగా నుండును గాని ఇంజనీరింగు సాఫ్టువేర్లకు తగదు. మ్యాక్‌బుక్ ఎయిర్ తేలికైనది, బ్యాటరీ చాలసేపు వచ్చును, వెల యెక్కువ. సివిలు శాఖవారు వాడు రెవిట్, మెకానికలు శాఖవారు వాడు సాలిడ్‌వర్క్స్ విండోసునకే చేయబడినవి. 2024 నుండి స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ప్రాసెసర్లు గల విండోసు యంత్రములు కూడ వచ్చినవి. వీని బ్యాటరీ మంచిదే గాని కొన్ని సాఫ్టువేర్లు వీనిపై సరిగా నడువవు. కావున పిల్ల యే శాఖలో చేరినదో, ఏ సాఫ్టువేర్లు నేర్పుదురో కళాశాలలో పై తరగతి విద్యార్థినుల నడిగి తెలిసికొనుట మొదటి పని. కంప్యూటరు శాఖ మొదటి సంవత్సరములలో వేఱుగా గ్రాఫిక్సు కార్డు అక్కఱలేదు. అది బరువును, వేడిని, వెలను పెంచును.

ఒకే మోడలు పేరుతో పది విధముల యంత్రములు అమ్ముచుందురని మఱువరాదు. పేరొకటే, ఒకదానిలో 8 జీబీ, ఇంకొకదానిలో 16, ఒకదానికి మంచి తెర, ఇంకొకదానికి వెలవెలబోవు తెర. కావున మోడలు పేరుతో తృప్తి చెందక, పెట్టెపైనున్న పూర్తి సంఖ్యను కాగితముపై వ్రాసికొని, తయారీదారు ప్రకటించిన వివరములతో సరిచూడవలెను.

తెర, మీటలు, బ్యాటరీ

తెర స్పష్టత 1920×1080 చుక్కలకు తగ్గరాదు. 1366×768 గల పాత తీరు తెరలపై అక్షరములు మసకగా నుండును. 'ఐపీఎస్' తీరు తెరయైనచో ప్రక్కనుండి చూచినను రంగు మారదు. ఇద్దఱు పిల్లలు చేరి పాఠము చూచు ఇండ్లలో ఇది ముఖ్యము. వెలుగును 'నిట్' అను కొలతతో చెప్పుదురు. 250 ఇంటిలోపలికి చాలును. వసారాలో గాని కిటికీ దాపున గాని కూర్చుండువారికి 300 మేలు.

మీటలను వ్రేళ్లతో నొక్కి చూడవలెను. తెలుగు వ్రాయుటకు వేఱు కీబోర్డు కొననక్కఱలేదు. విండోసులో భాషల పట్టికనుండి తెలుగును చేర్చుకొన్నచో ఇన్‌స్క్రిప్టు పద్ధతియు, ఇంగ్లీషు అక్షరముల ధ్వనినిబట్టి వ్రాయు పద్ధతియు రెండును దొరకును. 2001 నాటి విండోసు ఎక్స్‌పీతోనే 'గౌతమి' యను తెలుగు అక్షరరూపము వచ్చినది. కావున ఇంగ్లీషు రాదని ఈ యంత్రమునకు దూరముగ నుండవలసిన పని ఏ సోదరికిని లేదు.

బ్యాటరీ "పదిగంటలు వచ్చు"నని పెట్టెపై వ్రాయుదురు. దానిని నమ్మక, 'వాట్-అవర్' సంఖ్య యడుగుడు. 42 వాట్-అవర్ల బ్యాటరీ గల యంత్రము వ్రాతపనికి గంటకు 10 వాట్-అవర్లు వాడినచో నాలుగు గంటలకు పైగా వచ్చును. బరువైన పనికి 25 వాడినచో రెండు గంటలును రాదు. వేసవిలో కరెంటు పోవుచుండు ఇండ్లవారును, కళాశాలలో ప్లగ్గు దొరకని పిల్లలును 50 దాటినది చూచుకొనుట మంచిది. యూఎస్‌బీ-సీ రంధ్రమునుండి చార్జి యగునదైనచో, చార్జరు పోయినను సరిపడు శక్తి గల మఱియొకటి సులభముగా దొరకును.

పాతది కొనవచ్చునా?

సొమ్ము తక్కువైన యిండ్లవారు సంశయింపక ఈ మాట యోచింపవచ్చును. పెద్ద కంపెనీలు మూడు నాలుగేండ్లు వాడి తీసివేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ వంటి యంత్రములను బాగుచేసి అమ్ముదురు. ఇవి గట్టివి, మీటలు బాగుండును. పెక్కింటిలో ర్యామును పెంచుకొనవచ్చును. అయితే ఒక హద్దు కలదు. విండోసు 10కి మైక్రోసాఫ్టు వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. విండోసు 11 నకు ఇంటెల్ యంత్రములలో సాధారణముగా ఎనిమిదవ తరముగాని ఆ తరువాతిది గాని కావలెను. అంతకు పాతది ఎంత చౌకగా వచ్చినను కొనరాదు. బ్యాటరీ ఎంత మిగిలినదో చూపింపుమని యడుగవలెను; కనీసము ఆఱు నెలల హామీ వ్రాతమూలముగా తీసికొనవలెను. మన పాతదానిని అమ్మి క్రొత్తది కొందమన్న ఆశ మాత్రము పెట్టుకొనరాదు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి యను సామెత ఈ వస్తువునకు మిక్కిలి చెల్లును.

అంగడిలో

సికిందరాబాదు పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు కంప్యూటరు అంగళ్లకు పేరు పొందినది. అక్కడకు బోయినను, మేడ్చలులోనే కొనినను, ఇంటర్నెట్టు ద్వారా తెప్పించినను జాగ్రత్తలు ఒక్కటే. వాడబోవు పిల్లను వెంట దీసికొనిపొండు. అంగడివాడు ప్రక్కనున్న మగవానితోనే మాటలాడుచుండిన, "వాడునది మా అమ్మాయి, ఆమెతో చెప్పు"డనుడు. యంత్రమును ఒక చేత నెత్తి, మూత తెఱచి, మీటలు నొక్కి, తెరను ప్రక్కనుండి చూడనిండు. పెట్టెను మన కన్నులయెదుటనే తెఱపింపుడు. యంత్రము అడుగున నున్న వరుస సంఖ్యయు, పెట్టెపై సంఖ్యయు, బిల్లులోని సంఖ్యయు ఒక్కటేయని సరిచూడుడు. చెప్పిన వెలలో 18 శాతము జీఎస్‌టీ చేరినదో లేదో యడుగుడు. బిల్లు లేక తక్కువ కిచ్చెదమన్నచో ఒప్పుకొనరాదు. బిల్లు లేనివానికి హామీయు లేనట్లే. ఓడ యెక్కువఱకు ఓడమల్లన్న, ఓడ దిగిన పిదప బోడిమల్లన్న యనునట్లు, సొమ్ము చెల్లించిన పిదప అంగడివాని మాట మారవచ్చును. కాగితము మారదు. అన్యాయము జరిగినచో జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915నకు ఫోను చేయవచ్చును.

ఇంటికి వచ్చిన పిదప

పేరు ల్యాప్‌టాపైనను దానిని ఒడిలో గాని, పరుపుపై గాని చాలసేపు ఉంచి పనిచేయరాదు. అడుగుననుండు గాలి రంధ్రములు మూసికొనిపోయి యంత్రము వేడెక్కును. ఆ వేడి దినదినము తగిలిన చర్మముపై మచ్చలు పడును. క్రింద చిన్న పీట వేసిన జాలును. ఇంట నెందఱు వాడుదురో అందఱికిని వేఱువేఱు ప్రవేశములు, వేఱువేఱు రహస్యపదములు ఏర్పఱుపవలెను. ముఖ్యమైన కాగితముల ప్రతిని వేఱుగ మఱియొకచోట నుంచుకొనవలెను. "మీ యంత్రమునకు వైరసు పట్టినది, బాగుచేసెద"మని ఎవరైన ఫోను చేసినచో మాటలాడక పెట్టివేయుడు. మోసపోయినచో ఆలసింపక 1930నకు ఫోను చేయుడు.

ముగింపు

ఇక గౌడవెల్లి సోదరి సంగతి. ఆమె మేము చెప్పినట్లు కాగితముపై అయిదు ప్రశ్నలు వ్రాసి పిల్లచేతనే సమాధానములు వ్రాయించినది. బియ్యపు సంచి పరీక్షయు జరిగినది. మూడు కిలోల సంచితో వీథి చివఱకు బోయి వచ్చిన పిల్ల ముఖము జూచి మఱది పెద్దదాని మాట విడిచెనట. ఆదివారమునాడు తల్లి, తండ్రి, పిల్ల మువ్వురును సికిందరాబాదు పోయి, మూడు అంగళ్లు తిరిగి, 14 అంగుళములది, కిలో నాలుగువందల గ్రాములు తూగునది, 16 జీబీ ర్యాము, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ గలది 57,500 రూపాయలకు కొనిరి. మిగిలిన సొమ్ముతో వీపున దగిలించు గట్టి సంచియు, టెలివిజనునకు కలుపు తీగయు వచ్చినవి. బిల్లు పిల్ల పేరనే వ్రాయించిరి.

మొన్న ఆ సోదరి మరల వచ్చినది. పిల్ల ప్రతిదినము యంత్రమును కళాశాలకు కొనిపోవుచున్నదట. రాత్రి ఆమె చదువు ముగిసిన పిదప, తల్లి పేర వేఱుగా నొక ప్రవేశము తెఱచి, తెలుగు వ్రాయుట నేర్పినది. ఇన్నాళ్లు నోటుపుస్తకములో వ్రాయుచుండిన మహిళా సంఘపు లెక్కలను ఆ తల్లి ఇప్పుడు యంత్రముపై నెక్కించుచున్నది. "ఆడపిల్ల కంత దేనికి" అనిన తండ్రి, మొన్న తన భూమి కాగితముల నకలును తీసి యిమ్మని కుమార్తె నడిగెనట. ఆ మాట చెప్పునప్పుడు ఆ సోదరి నవ్విన నవ్వు మాకు ఇంకను కన్నులయెదుట నున్నది.

కావున, సోదరీమణులారా, పెద్దదా చిన్నదా, ఈ పేరుదా ఆ పేరుదా యని తగవు పడుటకు ముందు, వాడునది యెవరో యడుగుడు. ఆమె మాట వినుడు. మీ సంగతులు మాకు వ్రాసినచో రాబోవు సంచికలలో ముచ్చటింతుము.